బూడిదరంగు గళ్ళు

ఫిలిప్పీన్స్‌లోని బంతయాన్ దీవి బడిలో, టీచర్ల గది. చిన్న టీచరు లాప్‌టాప్ ముందు తల పట్టుకుని కూర్చుంది. పెద్ద టీచరు మామిడికాయ కోసుకుంటోంది.

"మూడు వారాలు కూర్చుని చేశానక్కా ఈ చేపల ఆట! ఇళ్ళ దగ్గర ఫోన్లో చదువుకునే నలభై మంది పిల్లల్లో ఇద్దరే ఆడారు. సాయంత్రంలోగా జవాబివ్వని వాళ్ళు బడి మానేసినట్టు హాజరు పట్టీలో రాయాలట!"

"ఆ పిల్లల ఫోన్లో ఎప్పుడైనా చూశావా?"

"నా ఫోన్లో చూశాను. చేపలు ఎంత బాగా ఈదుతున్నాయో!"

"నీది కొన్న డేటా తల్లీ. వాళ్ళది ఫోను కంపెనీ ఇచ్చే ఉచిత డేటా. అక్షరాలే వస్తాయి, బొమ్మలు రావు. ఇదిగో, నీ క్లాసులోనే చదివే మా మనవరాలు జునలిన్ ఫోను."

తెర నిండా బూడిదరంగు గళ్ళు. కింద, 'చేపను లాగి బుట్టలో వెయ్యి.'

"ఏ చేపని లాగుతారు, నా మొహం! ఒక్కరైనా చెప్పరేం?"

"నువ్వు లాగమన్నావు గానీ, చెప్పమన్నావా?"

చిన్న టీచరు విసురుగా క్లాసు గ్రూపులో కొట్టింది: 'ఈ పొద్దున మీ ఇంటికి ఏ చేప వచ్చింది? మొప్పలు ఏ రంగు?'

"ఇక చాలా? బొమ్మ లేదు, పాట లేదు!"

ఫోను మోగింది. ఆగకుండా మోగింది.

"ఏమిటే ఆ గోల?"

"రోడెల్ వాళ్ళ చేప మూరెడంటే అబద్ధమట! ముప్పై ఎనిమిది మంది కొట్టుకుంటున్నారక్కా!"

"నోళ్ళు మూయించు మరి."

"ఉండండి, ముందు హాజరు వేసుకోనివ్వండి."