గోడలో పెట్టని చీటీ

యాత్ర ఎలా జరిగింది ఆంటీ అని ఇప్పుడడుగుతున్నావా దేవిశ్రీ? బూట్లేసుకుని, సూట్‌కేసు తలుపు దగ్గర పెట్టి, బయట నీ క్లాస్‌మేట్ సాయిచరణ్ కారు స్టార్ట్ చేసి ఉంచాకా? నేనొచ్చి నాలుగు రోజులైంది. నాలుగు రోజులూ బేస్‌మెంట్ మెట్లెక్కి పైకి రావడానికి నీకు తీరిక లేదు.

సరే, అడిగావు గనక విను. అతన్ని ఆగమను. నువ్వు మారిపోయే ఆ కిచెనర్ ఊరు ఎక్కడికీ పారిపోదు.

బేత్లెహేములో ఏముందనుకున్నావు? క్యూ. రెండు గంటలు నిలబెట్టారు. గుడి తలుపేమో నా భుజాలంత ఎత్తు కూడా లేదు, వంగి దూరాలి. నా మోకాళ్ల సంగతి నీకు తెలుసుగా. తీరా లోపల ప్రభువు పుట్టిన చోట నేల మీద ఒక వెండి నక్షత్రం. దాన్ని ముట్టుకుని కళ్లు మూసుకున్నానో లేదో, మూవ్ మూవ్ అని వెనక నుంచి ఒకడు. ప్రార్థన సగంలోనే ఆగిపోయింది.

గలిలయ సముద్రమా? సముద్రమని పేరే గానీ మన కెనడా లేక్ ఒంటారియోలో ఓ మూలకి సరిపోదు. పైగా ఆ పడవవాడు పాటలు పెట్టి డాన్స్ చెయ్యమంటాడు. మన చర్చి సరోజన గారు చేశారు కూడా. ఆవిడే నా రూమ్మేటు. పది రోజులూ గురక.

యొర్దానులో తెల్ల అంగీ తొడుక్కుని దిగాను. మార్చి నెల కదా, నీళ్లు ఎముకలు కొరికేశాయి. అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. ఎందుకేమిటి, బేస్‌మెంట్‌లో నువ్వు వేడి పెంచకుండా థర్మోస్టాట్‌కి తాళం వేసింది నేనే కదా. నవ్వకు.

అసలు మాట చెప్పనీ. వెళ్లేముందు ఆదివారం చర్చిలో పెట్టె పెట్టారు, గుర్తుందా? రాలేనివాళ్లు ప్రార్థన మనవులు చీటీల మీద రాసి వెయ్యండి, యెరూషలేములో ఏడుపు గోడ సందుల్లో పెట్టొస్తాం అన్నారు పాస్టర్ గారు. ఆ సంచీ మోసింది నేనే. ఎనభై మూడు చీటీలు. నువ్వూ వేశావు, చూశాను. నువ్వు చర్చికొచ్చేది భోజనం కోసమని నాకు తెలీదా? టేబుల్ మీద వినాయకుణ్ణి పెట్టుకున్న పిల్ల ప్రభువుని ఏదో అడుగుతోంది కదా అని ఎంత పొంగిపోయానో.

అందుకే విప్పాను. అవును, చదివాను. ఏం, మన చర్చిలో మనవులు మైకులో చదవరా? ఉద్యోగమో, ఈ దేశంలో ఉండిపోవడానికి పీఆరో అడిగుంటావు, నేనూ నీతో కలిపి ప్రార్థిద్దాం అనుకున్నాను. ఆ గోడ ముందు, ఆడవాళ్ల వైపు, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని విప్పాను.

ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాశావు. నాకు కంఠతా వచ్చేసింది. "దేవుడా, ఈ ఇంట్లకెళ్లి నన్ను తొందరగా బయటపడెయ్. బేబీ ఆంటీ పాపం ఒంటరిది. ఆమెకు నాకంటే ఓపికున్న మనిషిని తోడియ్యి."

ఇప్పుడేడుస్తావేం? రాసేటప్పుడు లేని ఏడుపు.

మొదటి మాటకి నాకు కోపం రాలేదు. ఎనిమిది దాటితే పొయ్యి వెలిగించొద్దన్నాను, ఫోన్లో గట్టిగా మాట్లాడొద్దన్నాను, మంచు ఎత్తించాను. ఎవరైనా పోవాలనే అనుకుంటారు. ఒంటరిదంట. నీకెవరు చెప్పారు? అంకుల్ పోయి ఆరేళ్లు, ఈ ఒషావా ఊళ్లో ఒక్కరి ముందైనా ఆ మాటన్నానా? ఇళ్లు దొరక్క మీ స్టూడెంట్లు గదికి ఆరుగురు పడుకుంటుంటే, నీ ఒక్కదానికి బేస్‌మెంట్ మొత్తం ఇచ్చాను. నువ్వు కాలేజీ నుంచి వచ్చే టైముకి కిటికీ దగ్గర నిలబడేది డ్రైవ్‌వేలో ఎవడైనా కారు పెడతాడేమోనని. అంతే.

ఎనభై రెండు చీటీలు గోడలోకి దూర్చాను. సరోజన గారి షుగరు, శ్రీరాములు గారి మనవడి చదువు, అందరివీ. వేళ్లు గీసుకుపోయాయి, చూడు. నీది పెట్టలేదు. ఇదిగో, పర్సులోనే ఉంది. తీసుకో.

పాస్టర్ గారికి చెప్పలేదు, నీకే చెబుతున్నాను. కోపంతో కాదు. ప్రభువు చదివితే నీ పక్షమే తీసుకుంటాడని భయమేసింది.

పియర్సన్‌లో విమానం దిగి ఫోన్ ఆన్ చేశానో లేదో నీ మెసేజ్. ఆంటీ, కిచెనర్‌లో రూమ్ దొరికింది, నెలాఖరుకి ఖాళీ చేస్తున్నా అని. నేనిక్కడ పర్సులో దాచుకుని కూర్చుంటే, ఆయన అక్కడ చదివేశాడన్నమాట. అదీ మొదటి సగమే. రెండో సగం ఇంకా చదివినట్టు లేదు.

వెళ్లు, అతను హారన్ కొడుతున్నాడు. తలుపు గట్టిగా లాగి వెళ్లు. వేడంతా పోతోంది.