చెక్కిన బాణం

ఇదేం రాత సార్? బాయిలరు ఇన్‌స్పెక్టరు రిపోర్టంటే ఇదేనా? 'చక్రం మూయడం మరిచినాను' అని రెబెక్కమ్మ చెప్పిందా? మీ చెవులతో మీరు విన్నారా? పదకొండు దినాల నుంచి ఆమె ఒకటే మాట చెబుతా ఉంది. మూసినాను, మూసినాను, మూసినాను. ఆ మాట ఈ కాగితంలో యాడుంది?

వేలిముద్ర ఉందంటారా. ఉంది, నేనూ చూసినాను. ఆ కాగితం ఎత్తి కిటికీ దగ్గర పెట్టండి. గీతలు కనపడతా ఉన్నాయా? సిరా మరక, అంతే. కాలిన వేలికి గీతలు యాడుంటాయి సార్? రెండు అరచేతులూ బొబ్బలెక్కి తోలు ఊడింది ఆమెకు. ఆ చెయ్యి పట్టుకుని మా గుమాస్తా సిరా అద్దినాడు. ఇంకో మనిషి భుజాలు పట్టుకోవాల్సి వచ్చిందంట.

కోపం కాదు సార్, నా గొంతే అంత. బిట్రగుంట షెడ్డులో ముప్పై ఏళ్ళు రైలింజన్ల మధ్య మాట్లాడినవాణ్ణి. ఆడ మెల్లగా మాట్లాడితే ఎవరికి వినపడుతుంది?

వద్దు, కూర్చోను. కూర్చుంటే చెప్పలేను.

నేను కామాక్షయ్యను. ఈ మిల్లుకు మేస్త్రీని. పంతొమ్మిదివందల అరవైలో రైల్వే సమ్మె చేసినాం, ఉద్యోగం పోయింది, కొన్నాళ్ళు జైల్లో ఉన్నాను. బయటికొస్తే ఒక్కడూ పని ఇవ్వలా. చెంచురామయ్య నాయుడు గారు పిలిచి ఈ ఉప్పుడు బియ్యం మిల్లు అప్పజెప్పినాడు. ఆయన మీద నాకేం కక్ష లేదు. ఇందాక గుమ్మం కాడ నన్ను పట్టుకుని, "కామాక్షయ్యా, రిపోర్టు అయిపోయింది, నువ్వు పోయి కదిలించబాక" అన్నాడు. అయినా వచ్చినాను.

సార్, ఆ కలంతో బల్లమీద కొట్టబాకండి. ఒక్క మాట, మిమ్మల్ని వేడుకుంటా. పక్కన పెట్టండి దాన్ని.

ఆ...

మీరు వాల్వు చూసినామంటారు. తిప్పి చూసినారు, మూసుకుంది. ఎప్పుడు చూసినారు? బాయిలరు చల్లారి రెండు దినాలైనాక. చల్లగా ఉన్నప్పుడు ప్రతి వాల్వూ పతివ్రతే సార్! దాని గుణం తెలియాలంటే లోపల ఆవిరి ఉండాల.

వాల్వు మీద ఆవిరి పోయే దిక్కు చూపే బాణం గుర్తు కూడా చూసినారు. బాయిలరు నుంచి వడ్లు ఉడికే తొట్టి పక్కకు చూపిస్తా ఉంది, సరిగ్గానే ఉంది అని రాసుకున్నారు. అవును. రాసుకున్నారు.

ఆ వాల్వు కొన్నది కాదు సార్. నాది. చెక్కతో అచ్చు చేసింది నేను, కావలి పోయి పోత పోయించింది నేను, కూర్చుని అరగదీసి మూత కుదిర్చింది నేను. పటం గీసి మీ ఆఫీసుకు పంపితే, మీకు ముందున్న ఆయన చూసి, "ఎవరయ్యా ఇది చేసింది?" అని అడిగినాడంట. ఆ మాట విని నేను పది దినాలు నేలమీద నడవలా.

వాల్వంటే ఏముంది? లోపల ఒక రంధ్రం, దాని మీద ఒక మూత, మూతకు కాడ, కాడకు చక్రం. ఎవరైనా చేస్తారు. ఆవిరిని మూతకు ఏ పక్కన పెట్టాల, అదీ తెలివి. కింద నుంచి పెట్టినావా, అది మూతను ఎప్పుడూ ఎత్తాలనే చూస్తుంది. పైనుంచి పెట్టినావా, ఆవిరే మూత మీద కూర్చుంటుంది, అత్తగారు గుమ్మానికి అడ్డంగా పీటేసుకున్నట్టు. ఎంత ప్రెషరు పెరిగితే అంత బిగుసుకుంటుంది.

నేను పైనుంచి పెట్టినాను. ఎందుకంటే ఆ ఇనప తొట్టిలో మనిషి దిగుతాడు.

వడ్లు ఉడికి కిందికి జారినాక అడుగున కొంచెం కరుచుకుంటుంది గదా. దాన్ని గీకాల. నోరేమో సన్నం, లోపల బావి మాదిరి. అందుకని చిన్నపోలయ్య దిగేవాడు, మనిషి బక్కపలచన. దిగినవాడు గీకుడు పారతో తొట్టి గోడను మధ్య మధ్యలో కొట్టాల. టంగు... టంగు... నేను లోపల ఉన్నానురో అని. ఆ చప్పుడు వస్తా ఉన్నంతసేపు చక్రం మీద ఎవరూ చెయ్యి వెయ్యరు. ఎవరో రాసిన రూలు గాదు, మిల్లులో ఆడోళ్ళు పెట్టుకున్న కట్టడి. పోలయ్య దాన్ని కూడా ఆట చేసినాడు. ఆకలేస్తే ఒక రకంగా కొడతాడు, బీడీ కావాలంటే ఒక రకంగా. "ఏందిరా, పెళ్ళి మేళమా?" అని వాడి పెళ్ళాం ఆదిశేషమ్మ కింద నుంచి తిట్టేది.

అంతా బాగానే ఉండె. ఒక్కటే కష్టం. నా వాల్వు మూయడానికి చిటికెన వేలు చాలు. తెరవడానికి మాత్రం ఎద్దు బలం కావాల. ఆవిరి మూత మీద కూర్చోని ఉంటుంది గదా, దాన్ని ఎత్తాల. చక్రం పని రెబెక్కమ్మది. దినానికి పదిసార్లు తెరవాల. ఇనప కడ్డీ చక్రంలో దోపి దానికి వేలాడేది. మణికట్లు వాచినాయి.

ఒకదినం నా దగ్గరికొచ్చి, "అన్నా, నీ చక్రం ఒక్కదినం వదినె చేత తిప్పించు. సాయంత్రం నీకు అన్నం వడ్డించేదానికి ఆమె చెయ్యి లెయ్యదు, అప్పుడు తెలుస్తుంది నీకు" అనింది. అందరూ నవ్వినారు. నేనూ నవ్వినాను. ఇంటికి పోయినాక నవ్వు రాలా.

మీకు తెలుసునా సార్, ఆ మాట నాకు ఎంత తగిలిందో? కూలోళ్ళ కోసం జైలుకు పోయినానని చెప్పుకు తిరిగేవాణ్ణి నేను. నా చేత్తో చేసిన వస్తువు ఒక కూలిమనిషి చేతులు విరుస్తా ఉంటే?

అప్పుడు చేసినాను.

ఏం చేసినానంటే... చెబుతా, ఉండండి.

ఎనిమిది నెలల కింద, ఒక ఆదివారం. మిల్లు బందు. రెబెక్కమ్మ ప్రార్థన గుడికి పోయింది. నేనొక్కణ్ణే వచ్చినాను. బోల్టులు ఊడదీసి, వాల్వును ఎత్తి, అటుది ఇటు తిప్పి మళ్ళీ బిగించినాను. అంతే సార్. గంట పని. ఇప్పుడు ఆవిరి మూత కింద నుంచి వస్తుంది. తెరవడం పువ్వులాగా.

మీకు రాయాల, కొత్త పటం గీయాల, మీరు వచ్చి చూసేదాకా మిల్లు ఆపాల. తెలుసు. నాయుడు గారు ఆపుతాడా? ఒక మాటైనా అడగలా ఆయన్ని. ఆయనకు ఈ దినానికి కూడా తెలీదు.

సోమవారం రెబెక్కమ్మ కడ్డీ పట్టుకుని వచ్చింది. కడ్డీ పక్కన పెట్టి చూడమ్మా అన్నాను. ఒంటిచేత్తో తిప్పింది. తిరిగిపోయింది! ఆమె ముఖం చూడాల సార్ మీరు. కడ్డీని గోడకేసి విసిరికొట్టింది. మర్నాడు మామిడికాయ వేసి చేపల పులుసు తెచ్చింది నాకు. ఆ వారం ప్రార్థనలో లేచి నిలబడి, "ప్రభువా, కామాక్షయ్యన్న చేతుల్ని దీవించు" అని వేడుకున్నదంట. వాళ్ళవాళ్ళే చెప్పినారు నాకు.

ఈ చేతుల్ని.

ఒక్క మాట చెప్పాల్సింది ఆమెకు. అమ్మా, ఇంతకుముందు ఆవిరి నీ పక్కన ఉండె, ఇప్పుడు నీకు ఎదురుంది. మూసినాక ప్రెషరు లేస్తే ఇంకోసారి బిగించు. ఇంతే మాట. చెప్పలా. చెప్తే ఆమె నలుగురికీ చెబుతుంది, మీ దాకా వస్తుంది అని భయం ఒకటి. అదొక్కటే కాదులెండి. నా మొదటి పని తప్పని నా నోటితో చెప్పాల్సొస్తుంది. అదీ అసలు సంగతి. జైల్లో లాఠీకి వంగనివాణ్ణి, ఈ మాటకు నోరు పెగల్లా.

తర్వాత మీకు తెలిసిందే. కాదు, మీకు తెలీదు.

ఆ దినం మధ్యాన్నం మంట తగ్గించినారు. ప్రెషరు ముల్లు కిందికి దిగింది. రెబెక్కమ్మ చక్రం మూసింది. గట్టిగా మూసింది. రెండేళ్ళుగా ఆమె చేతికి ఒకటే అలవాటు: చక్రం ఆగిందా, మూసుకున్నట్టే. పోలయ్య దిగినాడు. ఈలోగా మద్రాసు లారీ వచ్చి నిలబడింది. తొందర. పొయ్యిలో ఊక ఎక్కువేసినారు, ముల్లు లేచింది. ఎనిమిది నెలలుగా కింద నుంచి నెడతా ఉంటే కాడ మరలు అరిగిపోయి ఉన్నాయి. ఆవిరి మూతను ఎత్తింది. ఎంత ఎత్తింటుంది? గోరంత. ఇంజను అదురుకు చక్రం దానంతటది ఇంకాస్త తిరిగింది.

నేను పక్క పాకలో ఆకురాయి పడతా ఉన్నాను. తొట్టి చప్పుడు వినపడతా ఉంది. టంగు... టంగు... అని నిదానంగా. ఉన్నట్టుండి టంగుటంగుటంగుటంగు అని ఒకటే కొట్టుడు.

పోలయ్యకు ఈ దినం హుషారెక్కిందే, అనుకున్నాను.

నవ్వుకున్నాను కూడా సార్.

ఆ చప్పుడు ఆగినాక రెబెక్కమ్మ కేక వినపడింది. పోయేసరికి చక్రానికి వేలాడతా ఉంది. ఇత్తడి చక్రం సలసలా కాలతా ఉంది, వదల్లా. ఒకప్పుడు వాచిన ఆ మణికట్లతోనే ఆవిరికి ఎదురు తిప్పుతా ఉంది. నా మొదటి వాల్వయితే చిటికెన వేలు చాలు. చెప్పినాను గదా, చిటికెన వేలు.

గోడ పక్కన ఆమె పారేసిన కడ్డీ అట్టనే ఉండె. నేను దాన్ని దోపి మూసినాను. ఎవరికోసం మూసినాను?

పోలయ్యను బయటికి తీసినాక నాయుడు గారు అడిగినాడు. "మూయడం మరిచిపోయినావా మే?" అందరూ ఆమె వంక చూసినారు. "మూసినాను సామీ. అన్నా, నువ్వు చెప్పన్నా, నీ వాల్వు గదా" అనింది.

నేను కూడా ఆమె వంకే చూసినాను సార్. అందరితోపాటు, ఏమీ తెలీనట్టు.

ఇప్పుడు ఆదిశేషమ్మ దినమూ ఆమె గుమ్మంలో దుమ్మెత్తి పోస్తా ఉంది. ఇద్దరూ ఒకే చాటలో చెరిగినోళ్ళు. పోలీసులు రేపు వస్తారంట, మీ కాగితం కోసం ఆగి ఉండారు. ఆమెను తీసుకుపోతారు.

నిన్న పోలయ్య కర్మంతరం. పోయి ఆకు ముందర కూర్చున్నాను. వంటవాడు గంటెకు అంటిన అన్నం దులిపేదానికి గుండిగ అంచుకేసి కొట్టినాడు. టంగుటంగుటంగు. నేను ఆకు మీద నుంచి లేచిపోయినాను. ముద్ద నోట్లో ఉండంగానే. అదొక్కటే కాదు సార్, బావి గిలక, ఎద్దుల గంట, మా ఆవిడ చెంబు కింద పెడితే, మీ కలం... అన్నిట్లో వాడే ఉన్నాడు. బీడీ అడిగేది కాదు, ఆకలి చెప్పేది కాదు. ఆ మూడో రకం. ఆ రకం వాడు నాకెప్పుడూ నేర్పలా.

ఏందీ? బాణం సరిగ్గా ఉందంటారా? తిరగేస్తే బాణం కూడా తిరగాల గదా, అంటారు.

అదే సార్. ఇప్పుడు అడిగినారు.

రండి నాతో, వాల్వు కాడికి. పైన తారు పూసుంది, అదీ నేనే పూసినాను. గీకండి. మీ బొటనవేలు ఆ బాణం మీద పెట్టండి. పోతలో వచ్చిన బాణమైతే వేలికి ఎత్తుగా తగలాల. ఇది గుంటగా తగులుతుంది. ఉలితో చెక్కింది. దాని పక్కనే నున్నగా, తమలపాకు మాదిరి చోటు ఒకటి ఉంటుంది. అసలు బాణం ఆడ ఉండె. ఆకురాయితో అరగదీసినాను. నేను పోత పోయించుకున్న బాణాన్ని నేనే.

చెప్పకుండా తిప్పింది జాలి అనుకోండి, భయం అనుకోండి. ఈ బాణం చెక్కేటప్పుడు మాత్రం నేనేం చేస్తా ఉన్నానో నాకు బాగా తెలుసు.

రెబెక్కమ్మ మూసింది సార్. ఆ మూడక్షరాలు రాయండి. రాసి, ఆ మరక ఉన్న కాగితం చించండి.

నా వేలు అక్కర్లా, సంతకం వచ్చు నాకు. ఆ కలం ఇట్టియ్యండి.