కొబ్బరినీళ్ళు తాగిన చక్రం

దస్తగిరికి ఆ బండంటే ప్రాణమంట. ప్రాణమంటే ఎట్టా అనుకున్నారు, చెప్పులేసుకుని దాని దగ్గరికి ఎవరన్నా పోతే కర్ర తీసుకునేవాడంట. ఏం బండయ్యా అంటే, మిలిటరీ వాళ్ళు వాడి వాడి వేలంలో అమ్మేసిన మోటారు సైకిలు. పక్కన మనిషి పట్టే తొట్టి, తొట్టి కింద ఒక చక్రం. మా వైపు దాన్ని తొట్టిబండి అనేవాళ్ళు. తెచ్చింది దస్తగిరి కాదు, వాళ్ళన్న హుస్సేనయ్య. ఆయన ఉన్నన్నాళ్ళూ పాము కరిచినోళ్ళని, ఎద్దు పొడిచినోళ్ళని, కాన్పు కష్టమైన ఆడోళ్ళని ఆ తొట్టిలో ఎక్కించుకుని టౌను ఆసుపత్రికి చేర్చేవాడంట. ఆ తొట్టెక్కినోళ్ళు ఒక్కరు కూడా దారిలో పోలేదంట. నిజమా అని నన్నడగొద్దు, ఊరు అట్టా అనేది, నేనూ అట్టానే అంటున్నా.

హుస్సేనయ్య జరమొచ్చి పోయాడు. పోయాక ఏమైందంటే, బండి కాస్తా దేవతైపోయింది. దసరాకి ఆయుధపూజ చేసుకుంటారు కదా, రైతులు నాగళ్ళకి, కమ్మరాయన కొలిమికి బొట్లు పెట్టుకుని, అది అయ్యాక ఊరు ఊరంతా దస్తగిరి కొట్టం కాడికొచ్చేవాళ్ళంట. తొట్టి చక్రం మధ్యన ఇనప కుండ ఉంటుంది చూడు, ఇరుసు దూరేచోటు, దానిమీదే టెంకాయ కొట్టాల. నీళ్ళు ఇరుసులోకి కారాల. కారితే ఆ ఏడు ఆ ఇంటికి గండం లేనట్టేనంట. దసరాతో ఆగిందా? ఆగలా. మొక్కున్నోళ్ళంతా శుక్రవారం శుక్రవారం కొట్టటం మొదలుపెట్టారు. ఆ చిప్పలు తొక్కితే పాపమని దస్తగిరి గోతాల్లో కట్టి దాచేవాడు. ఇంజను మాత్రం స్టార్టు చేసి పటపటలాడించి, సాంబ్రాణి పొగ వేసేవాడు. అందరూ చేతులు జోడించేవాళ్ళు. అంతే. బండిని జానెడు ముందుకు నెట్టినోడు లేడు. హుస్సేనయ్య పెళ్ళాం కాశమ్మ మాత్రం చెప్పిందంట, మీ అన్న దానికి ఆముదం పోసేవాడు మరిదీ, నీళ్ళు పోసేవాడు కాదు, అని. మొగుడు పోయిన ఆడది పూజకాడ నోరెత్తకూడదని అందరూ కలిసి ఆమె నోరు మూయించారు. మనోళ్ళకి అది బాగా వచ్చు కదా.

ఇట్టా ఉండంగా దస్తగిరి కూతురు నాగూరమ్మ తొలికాన్పుకి పుట్టింటికొచ్చింది. ఒకనాడు పొద్దున్నే నొప్పులు మొదలైనయ్. మంత్రసాని చూసి బయటికొచ్చి, బిడ్డ అడ్డం తిరిగింది, నా చేతిలో లేదు, టౌనుకి తీసుకుపోండి అందంట. ఎదురింటి రోశయ్య ఆ మాట చెవిన పడంగానే ఎడ్లబండి కట్టి, గడ్డి పరిచి, వాకిట్లో తెచ్చి పెట్టాడు. కంకర రోడ్డు, ఎద్దులు కుర్రవి, మధ్యాన్నానికి చేరేవాళ్ళే. కాశమ్మ పిల్లని లేపబోయింది. అప్పుడు దస్తగిరి అడ్డమొచ్చి ఏమన్నాడంటే, "ఎద్దులు విప్పేయ్ రోశయ్యా. ఊరందరినీ బతికించిన బండి ఇంట్లో పెట్టుకుని, నా కూతుర్ని ఎడ్లబండిలో పంపించాలా?" అన్నాడు. కాశమ్మ బతిమాలింది, రోశయ్య చెప్పి చూశాడు. వినలా. రోశయ్య మాత్రం ఎద్దుల్ని విప్పలేదు. అట్టానే కాడి కింద నిలబెట్టి ఉంచాడు.

కొట్టం తలుపు తీశారు. ఒక్క తన్నుకే ఇంజను లేచింది. చూశారా అన్నట్టు దస్తగిరి అందరివంకా చూశాడంట. గేరు వేసి వదిలితే, బండి ముందుకు పోలా. గిర్రున పక్కకి తిరిగి గోడకి కొట్టుకుంది. ఏందిరా అంటే తొట్టి చక్రం తిరగట్లా. పదిమంది పట్టి నెట్టారు. చక్రం నేలని గీరుకుంటా వచ్చిందే గానీ చుట్టు తిరగలా. ఇన్నేళ్ళ కొబ్బరినీళ్ళు తాగి ఇరుసూ కుండా ఒకటే ఇనప ముద్దైపోయినయ్ అనుకో. టెంకాయలు వాళ్ళే కొట్టారు. ఇంక ఎవర్ని తిడతారు?

కమ్మరి ఓబులాచారిని పిలిచారు. ఆయనేం తక్కువోడు కాదు, అందరికంటే పెద్ద టెంకాయ ఆయనే కొట్టేవాడు. నట్టు విప్పాడు. నట్టు ఊడింది గానీ చక్రం ఊడలా. కిరసనాయిలు పోశారు, గునపం పెట్టి ఎత్తారు, గునపం వంగింది. ఇంట్లోంచి నాగూరమ్మ అరుపులు. అరుపు వచ్చినప్పుడల్లా దస్తగిరి సమ్మెట ఎత్తి చక్రాన్ని కొట్టేవాడంట. కాశమ్మ మళ్ళీ వచ్చి, ఇప్పుడన్నా ఎడ్లబండి ఎక్కించు అంది. ఇదుగో ఊడుతుంది వదినె అన్నాడు. పొద్దు కొట్టం మీదికొచ్చింది. ఇదుగో అన్నాడు. కొట్టం దాటింది. ఇదుగో అన్నాడు. ఇప్పుడు ఎడ్లబండెక్కిస్తే పొద్దున చేసింది తప్పని ఒప్పుకోవాల కదా, అదీ సంగతి.

ఓబులాచారి చేతులు దులుపుకుని, ఇంక ఒకటే దారి, ఎడ్లబండి చక్రానికి ఇనప పట్టా వేసేటప్పుడు ఏం చేస్తాం, కాలుస్తాం, కాలిస్తే ఇనుము సాగుద్ది, కుండని కాల్చి ఇరుసుని తడిగుడ్డతో చల్లగా ఉంచితే వదులుద్ది అన్నాడు. దస్తగిరి ఒప్పుకోలా. దేవతకి నిప్పు పెడతావా అన్నాడంట. లోపల కూతురికి గొంతు కూడా పోయింది, ఈయనకి ఇంకా దేవత. అప్పుడు కాశమ్మ కొట్టంలోకి పోయి చిప్పల గోతాం ఈడ్చుకొచ్చి, చక్రం కాడ బోర్లించి, అగ్గిపుల్ల గీసింది. ఎవరూ ఆపలా. టైరుకి తడిగోతాలు చుట్టారు. ఎండిన చిప్పలు కదా, నీలంగా మండినయ్. కుండ ఎర్రబడింది. ఓబులాచారి ఇరుసు కొసన మర చెడకుండా నట్టు కొంచెం తగిలించి, చక్రం వెనక మొద్దు ఆనించి, ఇరుసు మీద ఒక్క దెబ్బ వేశాడు. టప్పుమని వదిలింది. లోపల ఏముందంటే చక్రం తిరిగే ఇనప గోళీలు లేవు, అవి తుప్పుపట్టి రాలిన ఎర్రమట్టి ఉంది. గోకి, ఆముదం పోసి, ఎట్టనో మళ్ళీ ఎక్కించారు.

నాగూరమ్మని తొట్టిలో ఎక్కించి బయల్దేరితే, దారి పొడుగునా చక్రం కీచుమంటానే తిరిగింది. ఎక్కడా ఆగలేదు. ఆసుపత్రిలో కోసి తీశారు. తల్లి దక్కింది, బిడ్డ దక్కలా. మగబిడ్డ. తొట్టెక్కినోళ్ళు దారిలో పోరు అన్నాను కదా, బిడ్డ తొట్టి ఎక్కకముందే, పోయిందని డాక్టరమ్మ చెప్పిందంట, అంటే ఆ సమ్మెట దెబ్బల మధ్యే.

నాగూరమ్మ కళ్ళు తెరిచి ఏడవలేదంట. తండ్రిని పిలిచి, "నాయనా, రోశయ్య మామ ఎద్దుల గంటలు నాకు లోపలికి వినపడతానే ఉన్నయ్. ఎందుకు ఎక్కించలా?" అనడిగింది.

మళ్ళీ దసరా వచ్చింది. సిగ్గుండొద్దూ, ఊరు మళ్ళీ టెంకాయలు పట్టుకునే వచ్చింది. దస్తగిరి ఎవర్నీ కొట్టనీయలా. చెప్పులు కూడా విప్పకుండా కూర్చుని, అందరిముందూ ఆ చక్రం ఊడదీసి, తుడిచి, ఆముదం పెట్టి, మళ్ళీ బిగించాడు. బొట్టు లేదు, దండ లేదు. నాగూరమ్మ గడపలోంచి చూస్తా ఉంది. దిగొచ్చి చక్రాన్ని చేత్తో ఒక్కసారి తిప్పింది. అది తిరిగి తిరిగి ఆగిందాకా నిలబడి, తండ్రి మొహం చూడకుండానే లోపలికి పోయింది.

అదీ కథ. ఆ ఊళ్ళో ఇప్పుడు టెంకాయ నేలమీదే కొడతారంట. మరి మనం? మొన్న మన ఆసుపత్రి ముందు కొత్త జీపుకి దండలేసి, గుమ్మడికాయ కొట్టి, ఫోటోలు దిగారు కదా, మీలో సగంమంది అందులో ఉన్నారు, నేను చూశాలే. టైర్లలో గాలుందో లేదో చూసినోడు ఎవడన్నా ఉంటే చెయ్యెత్తండి.