ఖిల్లా మీది గిలకబాయి

గుట్ట మీద ఖిల్లాల గిలకబాయి ఉన్నది గదా, దాని దిక్కు మనూరోళ్ళు ఎవ్వరు పోరు. కట్టెలకు పోయినోళ్ళు గూడ ఆ బాయి కాడికి వచ్చేసరికి చుట్టు తిరిగి పోతరు, ఎంత దూరమైనా సరే. ఎందుకు పోరు అని అడిగితే ఎవ్వరు నోరిప్పరు. నేను చెప్త. ఎందుకంటే నేను పోయిన, నా కండ్లతోటి చూసిన. జర దగ్గరికి జరుగుండ్రి, నా గొంతు ఇప్పుడు పెద్దగ లేవదు.

మా తమ్ముడు బాలకొమురయ్య మీకు ఎరుకే గదా. మేస్త్రి పని చేసెటోడు. సర్కారోళ్ళు ఖిల్లాను బాగుచేస్తమని వచ్చినప్పుడు మూడేండ్లు ఆ గుట్ట మీదనే పనిచేసిండు. సిమెంటు ముట్టొద్దన్నరు. సున్నం, ఇసుక, బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు కలిపి గానుగల తిప్పి, ఎనుకట ఎట్ల కట్టిన్రో అట్లనే కట్టాలె అన్నరు. నేను గూడ ఆరు నెలలు సున్నం గంపలు మోసిన, అప్పుడు మోకాళ్ళు మంచిగుండె. కూలిన బురుజు లేపిన్రు, దర్వాజలకు కొత్త తలుపులు పెట్టిన్రు, తుమ్మకంప అంత కొట్టేసిన్రు, ఇగ ఆఖరికి బాయిల పూడిక తీసిన్రు. తీస్తే ఏమున్నది? చుక్క నీళ్ళు లేవు, అడుగున ఉత్త బండ. అయినా చూడొచ్చినోళ్ళకు అందంగ కనబడాలెనని రెండు రాతి కంబాలు నిలబెట్టి, వాటి నడుమ టేకు గిలక పెట్టిన్రు. తాడు లేదు, బొక్కెన లేదు, గిలక ఒక్కటే. దాన్ని బిగించింది ఎవరనుకున్నరు? మా తమ్ముడే.

పనులన్నీ అయిపోయి, ఖిల్లా తెరిచినంక, ఒకనాడు మా తమ్ముడు ఇంటికొచ్చి, అక్కా, నేను కట్టింది పూర్తయినంక ఒక్కపారన్న వచ్చి చూడవా అన్నడు. సరే అని నేను, తమ్ముడు, మా మరదలు లసుమవ్వ, ముగ్గురం సద్ది కట్టుకుని పొద్దున్నే ఎక్కినం. లసుమవ్వ అంటే మాటకారి గాదు, తక్కువ మాట్లాడుతది, కానీ మాట్లాడిందంటే సూటిగ మాట్లాడుతది. మొదటి దర్వాజ కాడ పెద్ద బోర్డు పెట్టిన్రు. మా తమ్ముడు దాన్ని చదివి వినిపించిండు. ఏ రాజు కట్టిండు, గోడ ఎంత ఎత్తు, ఫిరంగులు ఎన్ని, అంత రాసిన్రు. లసుమవ్వ మొత్తం విని, ఇంతమందికి నీళ్ళు తోడినోళ్ళ పేరు ఏడ రాసిన్రు అని అడిగింది. మా తమ్ముడు నవ్విండు. అదెవడు రాస్తడే అన్నడు.

బోర్డు మీద లేని ముచ్చట నేను చెప్త, మా నాయినమ్మ చెప్పింది నాకు. ఒకప్పుడు ఉత్తరం దిక్కు నుంచి పెద్ద దండు వచ్చి గుట్ట చుట్టు దిగింది. మూడు నెలలు గడిచినయి, గింజలు అయిపోయినయి, గొడ్లను గూడ కోసుకుని తిన్నరు. కిందున్న దండు మాత్రం పైకి ఎక్కదు. ఎందుకంటే గిలక సప్పుడు వినబడుతున్నది. అప్పటి గిలక సప్పుడు గుట్ట కింది దాక వినబడేదట. అది మోగుతున్నదంటే లోపట జనం ఉన్నరు, నీళ్ళు తోడుకుంటున్నరు, కొట్లాడే బలం ఉన్నది అనుకునేటోళ్ళు. ఇగ లోపటోళ్ళు ఒకటి ఆలోచించిన్రు. ఎనుక దిక్కు సన్నని తొవ్వ ఉన్నది, అందరం దిగి పోదాం, కానీ గిలక ఆగొద్దు అన్నరు. మరి ఎవరు ఉండాలె? నీళ్ళు తోడే ఆడామె ఒకామె నేనుంట అన్నది. ఆమెకు నడక రాని బిడ్డ ఉన్నది. ఆ బిడ్డను ఇంకొకామె ఈపుకు కట్టి, మీరు దిగుండ్రి, అందరు దిగినంక ఎవరన్న వచ్చి నాకు చెప్పుండ్రి, నేను గూడ వస్త అన్నది. ఆఖరికి దిగేటోడు వచ్చి చెప్పాలె. వాడు వచ్చిండా? రాలే. భయపడ్డడో మర్చిపోయిండో, దేవునికెరుక. ఆమె మూడు దినాలు గిలక తిప్పింది. నాలుగో దినం సప్పుడు ఆగితే దండు పైకి ఎక్కింది. చూస్తే తాడు పట్టుకునే పానం ఇడిసి ఉన్నది. అట్ల దిగి బతికినోళ్ళు గుట్ట అవతల గుడిసెలు ఏసుకున్నరు. అదే మన ఊరు. మనం వాళ్ళ పిల్లలమే.

ఇగ ఆనాడు ఏమైందంటే, పొద్దు నడినెత్తికి వచ్చింది. బురుజు నీడల కూసుని సద్ది తిన్నం. మా తమ్ముడు చెయ్యి కడుక్కొని, గిలకకు నూనె పెట్టిన్రో లేదో చూసొస్త అని లేచిండు. నేను వద్దన్న. నేను పెట్టిన గిలకకు నేను భయపడుడేంది అని పోయిండు. నేను, లసుమవ్వ అట్లనే ఒరిగినం. జరసేపటికి కిర్రు కిర్రుమని సప్పుడు. తాడు లేని గిలక ఎట్ల మోగుతది? నేను లేచి కూసున్న. లసుమవ్వ అప్పటికే ఉరుకుతున్నది.

పోయి చూస్తే మా తమ్ముడు బాయి గట్టు మీద కాలు తన్నిపెట్టి, వంగి, చేతికి చెయ్యి మార్చుకుంట గుంజుతున్నడు. దేన్ని? ఏం లేదు. గాలిని. కానీ పైన గిలక తిరుగుతున్నది, అతని అరచేతుల నుంచి రక్తం కారి మోచేతుల దాక వచ్చింది. చెమటకు అంగి తడిసి ఈపుకు అతుక్కున్నది. ఇడువురా, ఇడువు అని నేను రెక్క పట్టి గుంజిన. మనిషి కదలలే. బండ తీరుగ ఉన్నడు.

అక్కా, ఇడిసిపెడుదామంటే వస్తలేదు అన్నడు. గొంతు అతనిదే, ఏడుపు ఒక్కటే కొత్త. నేను వచ్చేసరికి ఒకామె తోడుతున్నదక్కా, కూలికొచ్చిన మనిషనుకున్న, మొకం బాయిలకే పెట్టి, అందరు దిగిన్రా అని అడిగింది, లేదు, మా ఆడోళ్ళు ఇంకా పైననే ఉన్నరు అని నేనన్న. అయితే జర పట్టుకో, నా చేతులు పడిపోతున్నయి అని తాడు నా చేతుల పెట్టింది అన్నడు.

ఏడ ఉన్నదిరా అంటే, పక్కకే నిలబడ్డది, మళ్ళ అదే అడుగుతున్నది అన్నడు. నేను చుట్టు చూసిన, నాకు ఎవ్వరు కనబడలే. అబద్ధమెందుకు, నాకైతే మంత్రం, దండం ఏదీ యాదికి రాలే.

లసుమవ్వ ఏడ్వలే. కొంగు నడుముకు చెక్కి, మొగని పక్కకు పోయి నిలబడ్డది, ఎవ్వరు లేని జాగల చూసుకుంట, దిగిన్రమ్మా అన్నది. అందరు దిగిన్రు. మేము గుట్ట అవతల ఊరోళ్ళం, దిగినోళ్ళ పిల్లలం. ఇంత ఆలస్యంగ చెప్తున్నం, తప్పే. నీ బిడ్డ గూడ దిగింది. బతికింది, పెద్దగయింది, పిల్లలను కన్నది. ఇగ నువ్వు గూడ చెయ్యి ఇడిసిపెట్టు.

గిలక ఒక్క సుట్టు తిరిగింది, ఇంకో సగం తిరిగింది, ఆగింది. మా తమ్ముడు ఎల్లెలికల పడ్డడు. మేమిద్దరం చెరో రెక్క పట్టి మూడు దర్వాజలు దాటించి కిందికి తెచ్చినం. దవాఖానల డాక్టరు అరచేతులు చూసి, ఎంతసేపు గుంజినవు, ఎంత బరువుండె అని అడిగిండు. ఏం చెప్తం? బాయి కాడ తాడు పట్టిండు అన్నం. పుండ్లు నెలకు మానినయి. పిడికిలి మాత్రం మళ్ళ మూసుకోలే. తాపీ పట్టరాకపోయె, ఇప్పటికీ లసుమవ్వనే ముద్దలు కలిపి పెడుతది, మీరు చూస్తనే ఉంటరు గదా.

ఒకనాడు నేను లసుమవ్వను అడిగిన. ఏమే, ఆ పసిపిల్ల బతికిందని నీకు ఎవరు చెప్పిన్రు, మా నాయినమ్మ గూడ ఆ సంగతి చెప్పలేదు గదా అన్న. బియ్యంల రాళ్ళు ఏరుకుంట, నాకేం తెలుసు వదినా అన్నది. తల్లి అడుగుతుంటే ఇంకేం చెప్తరు?

ఆమె పోయిందా, ఉన్నదా అని నన్ను అడగకుండ్రి. సప్పుడు మళ్ళ వినబడ్డదని కొందరంటరు, లేదని కొందరంటరు. ఖిల్లాకు పోండ్రి, ఎవరొద్దన్నరు? బురుజు ఎక్కుండ్రి, ఫోటోలు తీసుకోండ్రి, గోడలు మంచిగ కట్టిన్రు. బాయి దిక్కు మాత్రం పోకుండ్రి. మాట ఇనకుండ పోయిన్రే అనుకో, ఎవరన్న ఏమన్న అడిగితే అవునని చెప్పి మర్యాదగ దిగి రాండ్రి. లేదంటే మీ చేతులు, మీ ఇష్టం.