దణ్ణం పెట్టి లేస్తే పూనకం

అప్పాయమ్మకి వంగి లేవడమంటే భయం పట్టుకుందంట. ఆవిడ చేసే పని చూస్తే వంగి లేచేదే గదా! బంతి తోటలో పువ్వు కొయ్యాలంటే నిలబడి కోస్తే అయ్యేది కాదు, సాలు పొడుగునా వంగాల, బుట్ట నిండితే లేవాల. గోదారి లంకలో పుట్టి లంకలోనే ముసలైన మనిషి, ఊహ తెలిసిన కాణ్ణించీ అదే పని. అట్టాంటిది ఆ యేడు ఏమైందంటే, ముందర గుండె దగ్గర మొదలైంది. ఊరికే కూచున్నా దడ. దడంటే పరిగెత్తితే వొచ్చే దడ కాదర్రా, అదైతే ఒక వరసలో కొట్టుకుంటది. దీనికి వరసా లేదు, పద్ధతీ లేదు, బుట్టలో పడేసిన చేపపిల్ల లాగా ఎగిరెగిరి పడతంది అనుకో. ఓసారి గబగబా కొట్టేస్తది, ఓసారి మర్చిపోయినట్టు ఆగుద్ది. "గుండెలో ఎవరో కాపరం పెట్టారే సూరీ" అందంట కోడలితో. కోడలు పేరు సూర్యావతి. కొడుకు వీర్రాజు పువ్వుల లారీ మీద ఊళ్ళు తిరుగుతా ఉంటాడు, ఇంట్లో ఉండేది ఈ ఇద్దరే. ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. కూరలో పులుపు దగ్గర దెబ్బలాట, తడిబట్ట ఆరేసే తాడు దగ్గర దెబ్బలాట. అత్తలేని కోడలు ఉత్తమురాలు, కోడల్లేని అత్త గుణవంతురాలు అన్నారు గదా, వీళ్ళకి ఆ రెండు అదృష్టాలూ లేవు మరి. అయినా పట్నం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది కోడలే. బస్సులో కిటికీ పక్కన ఎవరు కూచోవాలని దెబ్బలాడుకుంటానే ఎళ్ళారంట.

డాక్టరు గుండెకి తీగలు తగిలించి కాయితం తీసి చూసి, మామ్మగారూ, మీ గుండెలో పైగదులు సరిగ్గా కొట్టుకోకుండా ఊరికే వొణుకుతున్నాయి, అందుకే వరస తప్పింది అన్నాడంట. వొణికేచోట రక్తం నిలవుంటే గడ్డ కడద్ది, ఆ గడ్డ తలకెక్కితే పక్షవాతం. అందుకని గడ్డ కట్టకుండా ఒక మాత్ర, గుండె వేగం తగ్గడానికి ఇంకో మాత్ర రాశాడు. "ఈ రెండోది బీపీని కూడా కొంచెం దించుతుంది. మీకసలే బీపీ తక్కువ. అంచేత లేచేటప్పుడు నిదానంగా లేవండి. కళ్ళు తిరిగితే దాచుకోకుండా నా దగ్గరికి రండి, మోతాదు మారుద్దాం. మీ అంతట మీరు మాత్రం మానొద్దు. ఇంకో మాట, కింద పడొద్దు. ఆ మొదటి మాత్ర వేసుకునేవాళ్ళకి తలకి దెబ్బ తగిలితే లోపల రక్తం ఒక పట్టాన ఆగదు" అన్నాడు. అప్పాయమ్మ అన్నిటికీ తలూపింది. తలూపడానికేముంది, గంగిరెద్దు కూడా ఊపుద్ది. విన్నది మాత్రం పక్కనున్న సూర్యావతి.

మాత్రలేసుకుంటే దడ నెమ్మదించింది. ఆ మాట ఒప్పుకోవాల. కానీ కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, లేచి నిలబడితే చాలు కళ్ళ ముందు చీకటి! కాళ్ళ కింద నేల పడవ ఊగినట్టు ఊగుద్దంట. ఇట్టా ఉండగా ఓ మంగళారం ముత్యాలమ్మ తల్లికి దండలు పట్టుకెళ్ళింది. మంగళారం అంటే ఉపాసం. పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టదు. గుళ్ళో చూస్తే సాంబ్రాణి పొగ, జనం, ఉక్క. మోకాళ్ళ మీద కూలబడి, నుదురు నేలకానించి దణ్ణం పెట్టింది. ఎనకాల ఆడంగులు తొయ్యండి తొయ్యండి అంటంటే దబుక్కున లేచింది. ఇంకేముంది! కళ్ళు తేలేసింది, ముడి ఊడిపోయి జుట్టంతా మొహమ్మీద పడింది, అమ్మ ముందున్న శూలం పట్టుకుని ఇటూ అటూ ఊగుతంది. ఎవత్తో కేకేసింది, "అమ్మొచ్చిందర్రో! అప్పాయమ్మ మీదకి అమ్మొచ్చింది!" అని.

మన ఊళ్ళల్లో ఆచారం మీకు తెలుసు గదా. అమ్మ పూనిన మనిషిని పడనివ్వకూడదు, కూచోనివ్వకూడదు. ఇద్దరు రెట్టలు పట్టుకుని నిలబెట్టాల, చేతిలో వేపకొమ్మ పెట్టాల, డప్పు కొట్టాల, ఏం కావాలి తల్లీ అని అడగాల, అమ్మ చెప్పాకే హారతిచ్చి సాగనంపాల. అడిగేవాడు ఆసాది గవర్రాజు, అమ్మ కొలుపుల్లో పాటలు పాడే మనిషి. వాడొచ్చి "ఏం కావాలి తల్లీ?" అన్నాడు. ఈవిడ ఏమందంటే, "పడుకోబెట్టండ్రా నన్ను, పడుకోబెట్టండి" అంది. పాపం నిజమే అడిగింది! గవర్రాజు జనం వైపు తిరిగి, "చూశారా, తల్లికి గుళ్ళో పడుకోడానికి చోటు చాలట్లేదంట! పందిరెయ్యాల!" అన్నాడు. మొగోళ్ళు అప్పటికప్పుడు తాటాకులు కొట్టడానికి బయల్దేరారంట. ఈవిణ్ణి పడుకోబెట్టినోడు ఒక్కడు లేడు.

మొహాన పసుపునీళ్ళు కొట్టగా కొట్టగా తెలివొచ్చింది. కళ్ళు తెరిచి చూస్తే ఊరంతా కాళ్ళ మీద పడతన్నారు. గట్టు తగాదా పెట్టుకుని యేళ్ళ తరబడి మాట్లాడని తోడికోడలు కూడా పడతంది. అమ్మ కాదే, నాకు కళ్ళు తిరిగాయి అన్న మాట నోటిదాకా వొచ్చిందంట అప్పాయమ్మకి. మింగేసింది. అట్టా చూడకండి నా వైపు. మీరైతే చెప్పేద్దురా? పుట్టి బుద్ధెరిగాక నీ కాళ్ళకి ఎవరూ దణ్ణం పెట్టలేదనుకో, ఓ రోజు ఊరంతా పెట్టిందనుకో, వొద్దు లెమ్మందువా? ఊఁ, మాట్లాడరేం మరి.

ఇంక ప్రతి మంగళారం అదే వరస. ఉపాసం ఉండటం, దణ్ణం పెట్టి లేవటం, ఊగటం. గొడ్డు ఈనుద్దా, కోర్టు తగువు తెగుద్దా అని అడగటానికి పక్క లంకల్లోంచి పడవలేసుకుని వొచ్చేవాళ్ళంట. రానురాను అప్పాయమ్మే నమ్మడం మొదలెట్టింది. గుండెలో కాపరం పెట్టింది అమ్మే కాబోలు అనుకుంది. అమ్మే లోపల కూచుంటే ఆ మాత్రలెందుకే నీకు అని ఎవరో అంటే, అదీ నిజమే అని మాత్రలు రెండూ మానేసింది. మానితే ఊరుకుంటదా? దడ మళ్ళీ తన్నుకొచ్చింది, నాలుగడుగులేస్తే ఆయాసం. సూర్యావతి మాత్రల అట్ట చూసింది. ఎక్కడియ్యి అక్కడే ఉన్నాయి. "ఏంటత్తా ఇది?" అంటే, "నా మీద అమ్మొస్తంటే నీకు కడుపుమంట" అంది ఈవిడ. "వొస్తే రానీ, నాకేం. గుళ్ళో వొచ్చిందంటే సరే. మరి మాత్రలేసుకున్నన్నాళ్ళూ పొద్దున్నే పెరట్లో మరుగుదొడ్లోంచి లేచినప్పుడు కూడా వొచ్చేదేం? అక్కడ అమ్మకేం పని?" అందంట కోడలు! నవ్వకండర్రా, అప్పాయమ్మ నవ్వలేదు. ఆ మాట ముల్లులా దిగింది. ఎళ్ళి మాత్రలేసుకుంది. దడ తగ్గింది, కళ్ళు తిరగడం మళ్ళీ మొదలైంది. డాక్టరుకి చెప్పాలంటే పూనకం సంగతి బయటపడద్ది, చెప్పకపోతే ప్రాణమ్మీదకొస్తది.

ఇంతలో జాతర దగ్గరికొచ్చింది. పెద్దలు కూచుని, ఈ యేడు అమ్మ గరగ అప్పాయమ్మే ఎత్తాలన్నారు. గరగంటే ఏంటో పట్నం పిల్లలకి తెలీదు గాబట్టి చెప్తన్నా, ఇత్తడి బిందె మీద పడగ నిలబెట్టి, పసుపూ కుంకం పూసి, వేపాకూ పువ్వులూ చుట్టి నెత్తిన పెడతారు. మంచి బరువు. ఎత్తినావిడ డప్పుకి అడుగేస్తా ఊరంతా తిరగాల. ఊరు తిరక్కుండా గరగ నేల తాకిందా, ఆ యేడు ఊరికి అరిష్టం. అప్పాయమ్మ ఒద్దంటే అమ్మని కాదన్నట్టు, ఒప్పుకుంటే నడిమధ్య పడిపోటం ఖాయం. ముందు నుయ్యి వెనక గొయ్యి.

జాతర పొద్దున కోడలు తల దువ్వుతుంటే ఇంక ఆగలేక ఏడ్చేసింది. "సూరీ, నేను పడిపోతానే. చచ్చిపోతే పోయాను, గరగతో పడితే ఊరికి కీడు తెచ్చిన ముండనంటారే. నా వొల్ల కాదే" అంది. "మరి ఉన్న సంగతి చెప్పెయ్" అంది సూర్యావతి. "చెప్తే ఇన్నాళ్ళూ అమ్మ పేరు చెప్పుకుని ఊరిని మోసం చేశానని మొహాన ఉమ్మేస్తారే" అంది. కోడలు జడేసేసి లోపలికెళ్ళి గిన్నెడు గంజి తెచ్చింది, చెంబుడు నీళ్ళు తెచ్చింది. "తాగు." "ఉపాసమే!" "తాగుతావా, ముక్కు మూసి పొయ్యమంటావా?" అంది. తాగిందంట అప్పాయమ్మ. కోడలి చేతిలో గిన్నె పట్టుకుని చంటిపిల్లలాగా తాగింది.

గుడి ముందు డప్పులు మోగతన్నాయి. అప్పాయమ్మని పీట మీద కూచోబెట్టి పసుపు రాశారు. ఇద్దరు మొగోళ్ళు గరగ ఎత్తి పట్టుకుని, లే తల్లీ, లేచి నెత్తిన పెట్టించుకో అంటన్నారు. ఈవిడ కాళ్ళు లేవటంలా. గుండె మళ్ళీ వరస తప్పి ఎగిరెగిరి పడతంది. తల్లీ, నీ పేరు వాడుకున్నాను, చెంపలేసుకుంటాను, నన్ను పడెయ్యి గాని నీ గరగని పడెయ్యకు అని మనసులో మొక్కుకుంటంది. అప్పుడేమైందంటే, ఎనకాల నించి ఓ కేక! జనం చీలిపోయారు. చూస్తే సూర్యావతి! జుట్టు విరబోసుకుని, నాలుక బయటపెట్టి, ఒక్క గంతేసి గరగ ముందర పడింది. పట్టుకోబోయినోణ్ణి ఒక్క తోపు తోసింది, వాడెళ్ళి డప్పులోళ్ళ మీద పడ్డాడు. గవర్రాజుకి గుడ్లు తేలిపోయాయి. "ఎవరు తల్లీ నువ్వు?" అన్నాడు. "ఎవరేంట్రా, నేనే! కళ్ళు తిరిగినదాన్ని పట్టుకుని నా పేరు పెడతారా! మీ అమ్మకి కళ్ళు తిరిగితే ఇట్టాగే రెట్టలు విరిచి నిలబెడతావా? దీన్ని పడుకోబెట్టాల! కాళ్ళ కింద ఎత్తుపీటెయ్యాల! గాలాడనియ్యాల! నా పేరు చెప్పి దీన్ని ఉపాసం ఉంచినోళ్ళ సంగతి చూస్తా! మాత్ర మానిపించినోళ్ళ నోట్లో పురుగులు పడతాయి! జాతరవ్వగానే డాక్టరు దగ్గరికి పంపండి!" "ఏ డాక్టరు తల్లీ?" అన్నాడు గవర్రాజు, వాడికి అన్నీ వివరంగా కావాల గదా. "గుండె డాక్టర్రా వెధవా!" అంది అమ్మవారు.

జనం దండాలే దండాలు. అప్పాయమ్మని నలుగురు ఎత్తి చాప మీద పడుకోబెట్టి కాళ్ళ కింద పీటేశారు. అయితే గవర్రాజు ఊరుకోడుగా, "మరి గరగెవరెత్తాలి తల్లీ?" అన్నాడు. అమ్మవారు ఆ సంగతి ఆలోచించుకోలేదల్లే ఉంది! కాసేపు ఊగుతా నిలబడింది, ఓ కన్ను తెరిచి ఆ బిందె కేసి చూసింది, మళ్ళీ మూసింది. "నేనే" అంది చివరికి. ఎర్రటి ఎండలో, ఉత్తకాళ్ళతో, ఊరంతా తిరిగింది సూర్యావతి. మర్నాటికి మెడ ఇటు తిరిగితే అటు తిరగలా. ఆముదం కాచి మర్దనా చేసింది ఎవరనుకున్నారు, అప్పాయమ్మే.

డాక్టరు దగ్గరికెళ్ళి ఈసారి అంతా చెప్పేశారు. ఆయన తిట్టలేదంట. పడుకున్నప్పుడోసారి, నిలబెట్టోసారి బీపీ చూసి, వేగం తగ్గించే మాత్ర సగం చేశాడు, గడ్డ కట్టకుండా వేసుకునేది మానొద్దన్నాడు, నీళ్ళు బాగా తాగమన్నాడు. మజ్జిగలో ఉప్పు దండిగా వేసుకోనా అనడిగితే, గుండె జబ్బుకి అందరికీ ఒకటే ఉప్పు కాదు మామ్మగారూ, మీకు నేను చెప్పినంతే అన్నాడు. ఇల్లలకగానే పండగవుద్దా? గుండె ఇప్పటికీ వరస తప్పుద్ది ఒక్కోసారి. కానీ అప్పాయమ్మ పొద్దున లేస్తే మంచం అంచున కూచుని కాళ్ళూపుకుంటా కోడల్ని రెండు తిట్లు తిట్టి అప్పుడు నిలబడద్ది. తోటలో వొంగడం మానేసి, చిన్న పీటేసుకుని కూచుని, పీట జరుపుకుంటా కోస్తది. కళ్ళు తిరిగినట్టుంటే అక్కడే కూలబడి తల వొంచుకుంటది, తోటలో ఆడోళ్ళు డప్పు కొట్టరు, నీళ్ళిస్తారు. దణ్ణం కూచునే పెడద్ది. అమ్మ ఏమీ అనుకోలేదు.

ఓ రోజు దండలు కడతా కడతా అడిగిందంట, "నిజం చెప్పవే సూరీ, ఆ రోజు నీ మీదకి నిజంగా అమ్మొచ్చిందా?" అని. "నాకేం గుర్తులేదత్తా" అంది కోడలు. "డాక్టరు మాటలన్నీ పొల్లుపోకుండా చెప్పావు గదే!" "అమ్మకి తెలీనిదేముంటది" అంది, తలెత్తకుండా దారం ముడేసుకుంటా. అప్పాయమ్మ ఇంక అడగలా. నన్ను కూడా అడక్కండి. కూరలో పులుపు కోసం అత్త మీదకి గరిటెత్తే కోడలు, ఆ అత్త కోసమే ఊరి మధ్య జుట్టు విరబోసుకుని గంతేసిందంటే, అమ్మ రాకుండా జరిగే పనేనంటర్రా అది?