ట్రాక్ కింద నిమ్మకాయలు

"సూట్‌కేసులో నేను సర్దిన నిమ్మకాయలు పెంటకుప్పలో ఎందుకున్నాయండీ?"

"బరువని తీసేశాను."

"నాలుగు నిమ్మకాయలు బరువా? తోటలో మామిడికాయల ట్రాక్టరునే నిమ్మకాయ తొక్కించకుండా కదలనివ్వరు మీరు. అక్కడ మీరు నడిపే అంత పెద్ద బుల్డోజరుకి వద్దా?"

అన్నం ముందు కూర్చున్న భర్త ముద్ద కలపడం ఆపేశాడు. మర్నాడు అతను మళ్లీ యుద్ధం జరిగే దేశానికి పనికి విమానం ఎక్కాలి.

"ఆ రోజు ఓడ ఒడ్డుకి ఆనింది. బండి దిగే ర్యాంపు ఇసుక మీద పడింది. పైన బాంబులు. బండి దించు, దించు అని ఒకటే అరుపులు. నిమ్మకాయలు పెట్టిరమ్మని నా హెల్పరు పెద్దిరాజుని కిందికి దింపాను."

"చాట్రాయి పెద్దిరాజునా? తాగి బండికి అడ్డొచ్చి పోయాడన్నారు కదా!"

"వాడు వంగి ట్రాక్ కింద, ఆ ఇనప పట్టా కింద, పెడుతున్నాడు. ముందు మట్టి తోసే బ్లేడు అడ్డం, నాకు కనపడలేదు. పెట్టేసి ఉంటాడనుకుని బండి కదిలించేశాను."

ఆమె పప్పు గరిటె గిన్నెలో పెట్టేసింది.

"మరి తాగాడని ఎవరు చెప్పారు?"

"కంపెనీవాళ్లు రాసుకొచ్చారు. సంతకం పెట్టకపోతే జైలన్నారు. పెట్టాను."

"మా ఆయన మందు ముట్టడని పెద్దిరాజు పెళ్లాం పార్వతి ఊరందరితో పోట్లాడుతోందండీ. పోయిన వారం నేనే అన్నాను, మగాళ్ల సంగతి మనకేం తెలుస్తుందిలే అని."

అతను కంచం పక్కకి జరిపాడు.

"రేపు విమానం ఎక్కను. చాట్రాయి వెళ్లి పార్వతికి చెప్పేస్తాను."

"రేపటిదాకా ఎందుకు? చెయ్యి కడుక్కోండి. నేనూ వస్తాను. ఆ రోజు పెద్దిరాజు పెట్టిన నిమ్మకాయలు కోసిచ్చింది నేనే."