కుడివైపు యాంప్

గాజువాకలో మేడమీద రేకుల గది, మధ్యాహ్నం మూడు. ఉక్కు ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టు దిగి బట్టలైనా మార్చుకోకుండా వచ్చి కూలబడ్డాడు చలమయ్య. పొద్దుటి నుంచీ రెండు గిటారు యాంపుల (స్పీకరు పెట్టెల) వైర్ల మధ్యే ఉన్నాడు అతని బావమరిది నాగవంశీ. ఇద్దరూ నీలకంఠం మాస్టారి ఆర్కెస్ట్రాలోనే, ఇద్దరిదీ గిటారే.

“మల్లీ వాయించు.”

“ఎన్నిసార్లు బావా? ఎడం యాంప్ ఒక్కటే పెడితే బాగుంటంది. కుడిది, నువ్విచ్చిన పాతది, ఒక్కటే పెడితే ఇంకా బాగుంటంది. రెండూ కలిపి ఆన్ సేత్తే సాలు, సౌండు సన్నంగా, పీనుగులా...”

“శుభమా అని ప్రోగ్రాం పెట్టుకుని ఆ మాటలేట్రా.”

“విను మరి. ఎకో ఆపీసాను. ఒకటే సౌండు రెండిట్లోకీ ఎల్తంది. బేస్ ఏదీ? లావు తీగ కొట్టినా దోమ అరిసినట్టుంది.”

“ఊఁ.”

“ఊఁ అంటావేటి? నిన్న సాయంత్రం బానే ఉంది కదా! అక్క కూడా వింది. ఒక్కడు వాయిత్తే ఇద్దరు వాయించినట్టుందిరా అంది.”

“అంది, అంది. టీ ఉందేటి?”

“ఫ్లాస్కులో ఉంది. పెడల్ మార్సాను, కేబుల్ మార్సాను, ప్లగ్గు మార్సాను. నాకింక ఓపిక నేదు. నువ్వొకసారి సూడొచ్చు కదా బావా.”

“నాకు మాత్రం ఎక్కడుంది ఓపిక? తెల్లారగట్ల నాలుగ్గంటలకి లేసినాను. నడుం పడిపోతంది.”

“సర్లే.”

“ఆదివారం నీలకంఠం మాస్టారొచ్చి వింటాడా?”

“వింటానన్నాడు.”

“బాగోకపోతే?”

“బాగోకపోతే ఏటుంది... పాత పద్ధతే. ఇద్దరం ఎప్పట్లాగే వాయిత్తాం.”

“బాగుంటే?”

“టీ సల్లారిపోతంది బావా, తాగు.”

“బాగుంటే ఏటన్నాన్రా?”

“ఏటీ నేదు. సౌండు ఎడం నుంచి కుడికి తిరుగుతాది, జనాలకి బాగుంటాది...”

“వంశీ.”

“ఏటి?”

“గిటారు కింద పెట్టి సెప్పు.”

“...బాగుంటే ఒక్క గిటారే సాలన్నాడు. స్టేజీ మీద మడుసుల్ని తగ్గిత్తాడంట. కీబోర్డుకి ఇంద్రజ ఉంటాదంట, డ్రమ్సు ఉంటాయంట, గిటారు మాత్రం ఒకటే. ‘రెండు యాంపులు పెట్టి ఇద్దరి పనీ ఒక్కడివే సెయ్యగలిగితే నువ్వుండు, మీ బావకి నాను సెప్పుకుంటాను’ అన్నాడు.”

“ఎప్పుడన్నాడు?”

“పది రోజులయ్యింది.”

“పది రోజులు. నా యాంప్ అడిగి తెచ్చుకున్నావు. మేడమీదికి నాసేతే మోయించినావు.”

“సెప్దామనే... నోరు రానేదు బావా. యారాడ గంగాలమ్మ పండగలో నన్ను మొదటిసారి స్టేజీ ఎక్కించిందే నువ్వు. సిగ్గేసింది.”

“నాకు తెలుసురా. మొన్న ఇంద్రజ అడిగింది, ‘ఏటి చలమయ్య గారూ, మానేత్తన్నారంట కదా’ అని.”

“తెలిసి కూడా మాటాడనేదేటి?”

“నువ్వే సెప్తావేమో అని సూసినాను.”

“బావా...”

“ఇరవై రెండేళ్లు వాయించినాన్రా. ఫ్యాక్టరీలో నా పేరు ఎవడికి తెలుసు? టోకెన్ నంబరు తెలుసు. మైకులో ‘గిటారు మీద చలమయ్య’ అన్నప్పుడే నాకూ ఒక పేరుందని గుర్తొచ్చేది. అదీ పోతే ఇంకేటుంది, షిఫ్టుకెల్లడం, వచ్చి పడుకోడం. అంతే కదా.”

“ఒగ్గీ బావా. నాకొద్దు. ఇప్పుడే సెప్పీత్తాను. ఈ దరిద్రం ఎలాగూ పలకటం నేదు. నా ఫోనేదీ...”

“ఆగరా.”

“ఏటాగేది? ...హలో, మాస్టారూ, వంశీనండి. ఆదివారం మీరు రానక్కర్లేదండి. బావ నేకుండా నాను వాయించనండి. ...లేదండి, ఆయన అడగనేదు, నానే అంతన్నాను. ...అలాగేనండి. ఉంటానండి.”

“ఏటన్నాడు?”

“బుర్ర తిరిగిందేట్రా అన్నాడు. రేపటిదాకా ఆలోసించుకోమన్నాడు. ఆలోసించడానికేటీ నేదు.”

“...స్క్రూడ్రైవరిలాగియ్యి.”

“ఇప్పుడెందుకు? అయిపోయింది కదా.”

“ఇయ్యరా అంటే! నా యాంప్ ఇటు తిప్పు. ఎనక సెక్క ఊడదీయ్. స్పీకరుకి రెండు వైర్లున్నాయి సూడు. ఎర్రది నల్లదాని సోట్లో ఉంటాది.”

“అవును, ఉంది! అయితే ఏటి?”

“ఎడం స్పీకరు ముందుకి తోత్తంటే ఇది ఎనక్కి లాగుతంది. ఒకదాన్నొకటి మింగేత్తన్నాయి. దేని సోట్లో దాన్ని పెట్టి బిగించు... ఊఁ, గట్టిగా. ఇప్పుడు వాయించు.”

“అమ్మ బాబోయ్! రేకులదిరిపోతన్నాయి బావా!”

“సాలు, ఆపు. మాస్టారికి మల్లీ ఫోన్ సెయ్యి. ఆదివారం రమ్మను.”

“మరి నువ్వు?”

“ప్రోగ్రాం నాడు నాను స్టేజీ కింద ముందు వరసలో కూకుంటాను. నా యాంప్ మాత్రం కుడిపక్కే పెట్టు, నాను నిలబడే సోట్లో.”

“ఆ సంగతి మల్లీ మాటాడదాం. ముందిది సెప్పు. పొద్దుట్నుంచీ నాను సచ్చీ సెడీ ఎతికితే దొరకనేదు. సెక్కైనా ఊడదియ్యకుండా నువ్వెలా పట్టీసినావు బావా?”

“నాను పట్టిందేటీ నేదురా. నిన్న రాత్రి నువ్వు అన్నం తినడానికి కిందికి దిగినప్పుడు ఆ వైర్లు తిప్పింది నానే.”